బెల్ట్ పెట్టుకోలేదు అని రాస్తే సరిపోతుందా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో బిల్డింగ్ మీద నుంచి పడి చనిపోయిన కార్మికుడి వార్త చూశాను, చివర్లో సేఫ్టీ బెల్ట్ పెట్టుకోకపోవడమే కారణమని ఒక లైన్ రాసి వదిలేశారు. నేను చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు సైట్లలో సేఫ్టీ పని చూసేవాణ్ణి, అది చదివాక ఊరుకోలేక రాస్తున్నా.

బెల్ట్ పెట్టుకోలేదు సరే, మరి ఆ బెల్ట్ హుక్ తగిలించడానికి అక్కడ తాడు కట్టి ఉందా? ఆ రోజు ఎత్తులో పనికి పర్మిట్ మీద సంతకం పెట్టింది ఎవరు, రాత్రి పొద్దుపోయేదాకా కాంక్రీట్ వేయించి తెల్లారేసరికి మళ్ళీ అదే మనిషిని పైకి ఎక్కించింది ఎవరు, సబ్ కాంట్రాక్టర్ రేటు కోసేసి సేఫ్టీ అంతా నీదే అని అగ్రిమెంట్లో రాయించుకుంది ఎవరు? ఇవేవీ ఎవరూ అడగరు, ఎందుకంటే చనిపోయినవాడు వచ్చి సమాధానం చెప్పుకోలేడు కదా.

కార్మికుడికి బాధ్యత లేదని నేను అనడం లేదండి. సామాను ఇచ్చి, వాడి భాషలో చెప్పి, హుక్ వేసుకునే టైమ్ కూడా ఇచ్చాక కావాలని వదిలేస్తే అది వాడి తప్పే. కానీ ఎవరి చేతిలో ఎంత అధికారం ఉందో అంత బాధ్యత వాళ్ళదే అవ్వాలి. చూసి కూడా పోనీలే అనుకున్న సూపర్‌వైజర్‌ది కొంత, స్లాబ్ డేట్ కోసం తొందరపెట్టిన మేనేజర్‌ది ఇంకా ఎక్కువ, డబ్బు ఆపిన డైరెక్టర్‌ది అన్నిటికన్నా ఎక్కువ. ఒక సైట్లో స్కాఫోల్డింగ్ (పైకెక్కి పని చేయడానికి కట్టే గొట్టాల పరంజా) కింద, గొట్టాలు నేలలో దిగబడకుండా పెట్టే బేస్ ప్లేట్లు లేవని పని ఆపమన్నాను, లేట్ అయితే పెనాల్టీ నువ్వు కడతావా అన్నారు, పని ఆగలేదు, చెక్ చేసినట్టు రిజిస్టర్లో నా సంతకం మాత్రం కావాలన్నారు, నేను పెట్టలేదు. పని ఆపే పవర్ ఇవ్వకుండా సేఫ్టీ వాడి పేరు మాత్రం కాగితం మీద ఉంచడం చాలా చోట్ల జరుగుతోంది.

2014 జూన్ 28న ఇక్కడే మౌలివాక్కంలో 11 అంతస్తుల బిల్డింగ్ కూలి 61 మంది పోయారు, అందులో మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు చాలామంది. బిల్డింగే కూలిపోతే ఏ బెల్ట్, ఏ హెల్మెట్ కాపాడుతుంది చెప్పండి?

అధికారం ఉన్నవాళ్ళదే బాధ్యత అనే మాట చట్టాలు ఎప్పుడో చెప్పాయి. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టం మార్చి, కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరే ఆక్యుపయర్‌గా, అంటే ఫ్యాక్టరీకి చట్టం ముందు బాధ్యుడిగా జవాబు చెప్పాలని పెట్టారు, కింద ఎవరో ఒక ఉద్యోగి పేరు రాసి తప్పించుకోకుండా. 1996 నిర్మాణ కార్మికుల చట్టం 44వ సెక్షన్ కూడా ప్రమాదాలు జరగకుండా చూసే బాధ్యత యజమానిదే అంది. అయినా భోపాల్ కేసులో ఇండియా కంపెనీ అధికారులకి కింది కోర్టు శిక్ష వేసేసరికి 2010 వచ్చింది, అదీ రెండేళ్ళు.

అందుకే మీ రిపోర్టర్లకి నా విన్నపం ఒకటే, ఈసారి ఇలాంటి వార్త రాసేటప్పుడు బెల్ట్ సంగతితో పాటు ఆ రోజు పర్మిట్ ఎవరిచ్చారు, అంతకుముందు ఎవరైనా కంప్లయింట్ చేశారా, చేస్తే అది ఎవరి టేబుల్ దగ్గర ఆగిందో కూడా కనుక్కొని పేర్లతో సహా వేయండి.

ఇట్లు,
ఒక సైట్ సేఫ్టీ ఉద్యోగి,
చెన్నై