ప్రత్యేక సూచనల గడిలో ఒక గీత: మా ఇంటి తరలింపుపై మీ సంస్థకు ఫిర్యాదు

భీమిలి,
విశాఖపట్నం జిల్లా.

కస్టమర్ సేవల జనరల్ మేనేజర్ గారికి,
ప్రధాన కార్యాలయం, హైదరాబాద్.

విషయం: కూకట్‌పల్లి నుంచి భీమిలి సముద్రతీరంలోని మా విల్లాకు సామాన్లు తరలించడంలో జరిగిన నష్టం, ఒప్పందానికి విరుద్ధంగా మా దగ్గర వసూలు చేసిన డబ్బు.

అయ్యా,

నమస్కారం. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో 22 ఏళ్లు కాపురం ఉన్నాం. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మా అమ్మని తీసుకుని మళ్లీ మా వైపు వెళ్లిపోవాలనుకున్నాం. అమ్మకి 81 ఏళ్లు. పుట్టి పెరిగింది విజయనగరంలో. రోజూ సముద్రం కనిపించే చోట ఉండాలని ఆవిడ ఎన్నాళ్లుగానో అంటూ ఉంటే భీమిలి దారిలో ఒక గేటెడ్ కమ్యూనిటీలో విల్లా కొన్నాం. మా గుమ్మానికీ అలలకూ మధ్య దూరం రెండు వందల మీటర్లు ఉంటుందేమో. ఆ ఇంట్లోకి సామాన్లు చేర్చే పని మీకు అప్పగించాం.

ఇది హడావిడిగా పెట్టుకున్న ప్రయాణం కాదు. నెల రోజుల ముందు నుంచీ నోట్‌బుక్ పెట్టుకుని రాసుకున్నాను. కార్తీకమాసంలో గురువారం తెల్లవారుజామున 4:50కి గృహప్రవేశం. సామాను మంగళవారం మధ్యాహ్నానికి చేరాలి. బుధవారమంతా వంటగది, దేవుడి గది సర్దుకోవాలి. మధ్యలో ఒక రోజు ఎందుకు వదిలానంటే కార్తీకంలో తీరం వాతావరణాన్ని నమ్మలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా తమ్ముడు విశాఖలోనే ఉన్నాడు. కిటికీ అద్దాలు పగిలి ఇల్లంతా నీళ్లయితే మంచాలు గోడకు ఆనించి, పిల్లల్ని పట్టుకుని బాత్‌రూములో కూర్చున్నారు. అది విన్నదాన్ని కాబట్టే మీ సర్వే అబ్బాయితో మొదటి రోజే చెప్పాను, అన్నిటికీ స్ట్రెచ్ ఫిల్మ్ చుట్టాలి, పుస్తకాలు అట్టపెట్టెల్లో కాకుండా ప్లాస్టిక్ క్రేట్లలో పెట్టాలి, బండికి మంచి టార్పాలిన్ ఉండాలి అని. ఉప్పుగాలిలో ఒక్క రాత్రి ఉంచితే అట్టపెట్టె మెత్తబడిపోతుందని తీరంలో పెరిగిన ఎవరిని అడిగినా చెబుతారు.

కమ్యూనిటీ నిబంధనల కాగితం మూడు వారాల ముందే మీకు వాట్సాప్‌లోనూ, ఈమెయిల్‌లోనూ పంపాను. అందులో ఉన్నవి నాలుగే ముక్కలు. సామాన్ల బండికి ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకే ప్రవేశం. 17 అడుగుల కంటే పొడవైన బండి లోపలికి రాకూడదు, ఎందుకంటే లోపలి రోడ్లకు పరిచిన సిమెంటు పలకలు బరువుకు కుంగుతాయి. హమాలీల ఆధార్ కాపీలు రెండు రోజుల ముందు ఇస్తేనే గేట్ పాస్. ఇంటివాళ్లు 10,000 రూపాయలు డిపాజిట్ కట్టాలి, ఏమీ పాడవకపోతే తిరిగిస్తారు. డిపాజిట్ నేను అదే వారం కట్టేశాను. మిగతా మూడూ మీ పనులు. మీ మనిషి నుంచి వచ్చిన జవాబు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది: "అన్నీ మేం చూసుకుంటాం మేడమ్, మీరు టెన్షన్ పడొద్దు."

మీ కొటేషన్‌లో రెండు ధరలున్నాయి. ఇతరుల సామాన్లతో కలిపి పార్ట్ లోడ్‌లో పంపితే 46,000. మా సామాను ఒక్కటే ప్రత్యేకంగా 17 అడుగుల బండిలో వస్తే 68,000. ఇంత దూరంలో మధ్యలో బండి మార్చకూడదనే ఉద్దేశంతో 68,000 ఒప్పుకున్నాం. 18 శాతం జీఎస్టీతో 80,240 అయింది. దానిపైన ఇన్సూరెన్స్ అని, మేం ప్రకటించిన 4,00,000 విలువకు 3 శాతం చొప్పున మరో 12,000 తీసుకున్నారు. మొత్తం 92,240 రూపాయలూ లోడింగ్ రోజుకే మీ ఖాతాలో పడ్డాయి.

ఆదివారం లోడింగ్ బాగానే జరిగింది. వచ్చిన ఆరుగురు కుర్రాళ్లూ మర్యాదగా పనిచేశారు. ఒక్క విషయంలో మాత్రం నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అమ్మ వీణకు చెక్కపెట్టె చేయిస్తామని కొటేషన్‌లో ఆ 68,000లోనే 2,500 వేశారు. ఆ పెట్టె రాలేదు. అడిగితే గోడౌన్‌లో తయారుగా ఉంది, అక్కడ పెట్టిస్తామన్నారు. బొంతలో చుట్టి తీసుకెళ్లారు. నేను బండి వెనక్కి వెళ్లి మరీ చెప్పాను, "బాబూ, పడుకోబెట్టే ఉంచండి, దాని మీద ఏమీ పెట్టొద్దు" అని.

తర్వాత మంగళవారం గడిచిపోయింది. మీ కాల్ సెంటర్‌కి ఆ ఒక్కరోజే తొమ్మిది సార్లు చేశాను. "దారిలో ఉంది మేడమ్" అన్నారు తొమ్మిది సార్లూ. బుధవారం మధ్యాహ్నం డ్రైవర్ నంబరు దొరికాక అసలు సంగతి తెలిసింది. మా సామాను విజయవాడ దగ్గర మీ గోడౌన్‌లో దింపి, ఒకటిన్నర రోజు అక్కడే ఉంచి, ఇంకో ముగ్గురి సామానుతో కలిపి 32 అడుగుల కంటైనర్‌లోకి ఎక్కించారు. మాకు ఒక్క మాట చెప్పలేదు.

ఆ కంటైనర్ బుధవారం రాత్రి 7:40కి మా గేటు ముందుకొచ్చింది. సమయం దాటిపోయింది, బండి పొడవు నిబంధనకు దాదాపు రెట్టింపు, హమాలీల పేర్లేవీ గేటు దగ్గర లేవు. సెక్యూరిటీ వాళ్లు ఆపారు. ఆపడం న్యాయమే, వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. డ్రైవర్ మీదా లేదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, పొద్దున్నుంచి తిండి లేదు. మా ఇంటి నుంచి అన్నం తెచ్చి పెట్టాం. తింటూ తన చేతిలోని కాగితం నాకు చూపించాడు. దాని మీద మా ఫోన్ నంబరు, "భీమిలి విల్లా" అనే రెండు మాటలు ఉన్నాయి. కింద "ప్రత్యేక సూచనలు" అని ఒక గడి. ఆ గడిలో పెన్నుతో అడ్డంగా ఒక గీత గీసి ఉంది.

అయ్యా, నా ఫిర్యాదంతా ఆ గీత గురించే. నేను పంపిన నిబంధనలు, వీణ గురించి రాసిన జాగ్రత్తలు, పుస్తకాల సంగతి, ముహూర్తం సంగతి, ఇవన్నీ మీ దగ్గర ఎవరో ఒకరు చదివారు. చదివి ఔనన్నారు, ఆ ఔనుకి డబ్బు కట్టించుకున్నారు. బండి నడిపే మనిషి దాకా మాత్రం ఒక్క ముక్క చేరలేదు.

కంటైనర్‌లో మిగతా ముగ్గురి సామాను శ్రీకాకుళం వైపు వెళ్లాలి, రాత్రికి ఆపడం కుదరదని మీ ఆపరేషన్స్ వాళ్లు ఫోన్‌లో చెప్పారు. చిన్న బండ్లు, మనుషుల ఖర్చు 16,000 ముందు పంపితేనే దింపుతామన్నారు. పంపాను. రసీదు అడిగితే తర్వాత ఇస్తామన్నారు, ఇప్పటిదాకా ఇవ్వలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు మా సామానంతా గేటు బయట, బీచ్ రోడ్డు పక్కన ఇసుకలో దింపేసి కంటైనర్ వెళ్లిపోయింది. చిన్న బండ్లు పొద్దున్న వస్తాయన్నారు. పదకొండు దాటాక వాన మొదలైంది. టార్పాలిన్ లేదు. మా కమ్యూనిటీ వాచ్‌మన్ కట్టడం పని దగ్గర నుంచి రెండు పట్టాలు తెచ్చి ఇచ్చాడు. అవి సగం సామానుకు కూడా చాలలేదు. మా వారు, నేను గొడుగుల కింద ముహూర్తం వేళ దాకా అక్కడే కూర్చున్నాం.

వీణ ఎక్కడుందో నాకు పొద్దున్నే తెలిసింది. ఫ్రిజ్‌కీ, కూలర్‌కీ మధ్య నిలువుగా ఇరికించి ఉంది. అది బొబ్బిలి వీణ. అమ్మకి పద్నాలుగేళ్లప్పుడు మా తాతగారు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించి తెచ్చారు. పనస మాను ఒకే దుంగలోంచి తొలిచిన ఏకాండి వీణ, అతుకన్నది ఉండదు. బొంత విప్పితే నీళ్లు కారాయి. కుండ మీది పలక ఒక పక్క లేచి, ఆ సందులో గోరు పడుతోంది. మైనం వదులై 24 మెట్లలో మూడు పక్కకు వాలిపోయాయి. ఎడమ పక్కన ఉండే సొరకాయ బుర్ర నెర్రె విచ్చింది. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. తన చీర కొంగుతో మెట్టు మెట్టూ తుడుచుకుంటూ కూర్చుంది. 67 ఏళ్లుగా ఆ వీణ ఆవిడ చేతుల్లో ఉంది.

గృహప్రవేశం జరిగింది. పాలు పొంగించడానికి కొత్త ఇత్తడి గిన్నె కొని పెట్టుకున్నాను, అది ఏ పెట్టెలో ఉందో వానలో వెతకలేకపోయాం. పక్క విల్లా ఆవిడ తన గిన్నె తెచ్చి ఇచ్చారు. దేవుడి పటాలు కూడా బయటే ఉండిపోయాయి. పసుపు ముద్దతో గౌరమ్మను చేసి పూజ కానిచ్చారు పంతులు గారు.

మర్నాడు మీ మేనేజర్ ఒకరు ఫోన్ చేసి, "వాన మా చేతుల్లో లేదు కదండీ" అన్నారు. వాన ఎవరి చేతుల్లోనూ లేదు, నిజమే. కానీ మా సామాను ఆ రాత్రి వానలో ఉండేలా చేసింది వాన కాదు. మాట ఇచ్చిన 17 అడుగుల బండి మంగళవారం మధ్యాహ్నం వచ్చుంటే సాయంత్రానికే అంతా ఇంట్లో ఉండేది, బుధవారం రాత్రి వాన పడినా మాకు ఏమీ అయ్యేది కాదు.

ఇన్సూరెన్స్ విషయం ఇంకా బాధ కలిగించింది. క్లెయిమ్ కోసం పాలసీ కాపీ అడిగితే అది "మా సొంత రిస్క్ కవర్" అన్నారు. ఏ బీమా కంపెనీ పేరూ చెప్పలేదు, పాలసీ నంబరూ ఇవ్వలేదు. మీ బిల్లులో మాత్రం ఇన్సూరెన్స్ అనే రాసి ఉంది. బీమా అమ్మాలంటే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉండాలి. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసినదాన్ని, ఆ మాటకు అర్థం నాకు తెలుసు. ఆ పేరుతో డబ్బు తీసుకుని పాలసీ చేయించకపోవడం చిన్న పొరపాటు కాదు.

నేను అడుగుతున్నవి ఇవి. గేటు దగ్గర తీసుకున్న 16,000 తిరిగివ్వండి. ప్రత్యేక బండికీ పార్ట్ లోడ్‌కీ తేడా 22,000, దాని మీద జీఎస్టీతో 25,960. చేయించని చెక్కపెట్టెకు జీఎస్టీతో సహా 2,950. నష్టం కింద వీణ బాగుచేయడానికి 18,500 (గొల్లపల్లి నుంచి వచ్చి చూసినవాళ్లు రాసిచ్చిన అంచనా జత చేశాను), నీళ్లు పీల్చిన రెండు పరుపులకు 31,000, ఉబ్బిపోయిన టేకు బీరువా తలుపులకు 6,000. అన్నీ కలిపి 1,00,410 రూపాయలు. పాలసీ కాపీ చూపించలేకపోతే ఆ 12,000 కూడా కలిపి 1,12,410. పాడైన రెండు వందల పైచిలుకు పుస్తకాలకు నేను ధర వేయలేదు. మా నాన్నగారి చేతిరాత ఉన్నవి వాటిలో ఉన్నాయి.

డబ్బుతో పాటు ఇంకొకటి కావాలి. నేను పంపిన సూచనలు ఎవరి దగ్గర ఆగిపోయాయో, ఆ గడిలో గీత ఎందుకు పడిందో రాతపూర్వకంగా చెప్పండి. ఇకమీదట గేటెడ్ కమ్యూనిటీలకు వెళ్లే ప్రతి లోడ్‌కీ బండి పొడవు, ప్రవేశ సమయం, గేట్ పాస్ వివరాలు ఎల్ఆర్ (లారీ రసీదు) మీదే రాసి డ్రైవర్ చేతికిచ్చే ఏర్పాటు చేయండి. మా వీధిలోనే వచ్చే రెండు నెలల్లో నాలుగు కుటుంబాలు దిగబోతున్నాయి. వాళ్లలో ఒకరింట్లో పసిబిడ్డ ఉంది.

రోడ్డు రవాణా చట్టం, 2007 ప్రకారం బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా నష్టం గురించి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఈ లేఖనే ఆ నోటీసుగా తీసుకోండి. మేం బుక్ చేసి ఇంకా 60 రోజులు కాలేదు. ఇది మీకు అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే కేసు వేసే హక్కు నాకుంది. కోర్టుల చుట్టూ తిరగాలని నాకు కోరిక లేదు. అమ్మని చూసుకోవాలి, ఇంకా సగం పెట్టెలు విప్పనే లేదు. కానీ తిరగాల్సి వస్తే తిరుగుతాను.

మీ కొటేషన్, బిల్లు, ఎల్ఆర్ ప్రతి, వాట్సాప్ సందేశాలు, నిబంధనల కాగితం, 16,000 పంపినట్టు బ్యాంకు వివరం, ఆ రాత్రి తీసిన 41 ఫొటోలు జత చేస్తున్నాను. డ్రైవర్ కాగితం ఫొటో వాటిలో మొదటిది. దయచేసి ఆ కుర్రాడి జీతంలోంచి మాత్రం ఏమీ కోయకండి.

ఇట్లు,
మీ కస్టమర్

(పేరు, సంతకం, బుకింగ్ నంబరు జతపరిచిన ఫారంలో ఉన్నాయి.)