ఎస్పీఎస్ఎస్ ఫైలు గురించి తమ్ముడికి

తమ్ముడూ,

ఎట్లున్నవ్? నువ్వు వాట్సాప్‌లో అడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మర్రిగూడ, చండూరు వైపు మీ కాలేజీ వాళ్లు చేసిన ఫ్లోరైడ్ సర్వే అంతా ఎస్పీఎస్ఎస్‌లో, అంటే సర్వే లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో ఉంది, దాన్ని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఎక్కించాలి, మీ సారేమో "ఎక్సెల్‌లకి మార్చి సీఎస్వీ చేసి ఎక్కించెయ్, అయిపోతది" అన్నాడంటివి. అట్ల చెయ్యకు, సీఎస్వీ అంటే కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైలే. నిజంగానే ఎక్కుతుంది, ఒక్క ఎర్రర్ కూడా రాకపోవచ్చు, నాకు భయం కూడా అందుకే.

నువ్వు పంపిన ఫోటోలో ఫ్లోరైడ్ కాలమ్ చూశాను. 99 అంటే నీళ్లు పరీక్ష చేయలేదని, 98 అంటే ఆ ఇంటివాళ్లు శాంపిల్ ఇయ్యలేదని. ఎస్పీఎస్ఎస్‌కి ఆ సంగతి ముందే చెప్పిపెట్టారు కాబట్టి అది వాటిని సగటులో కలపదు. డేటాబేస్‌కి ఏం తెలుసు, దానికి 99 అంటే లీటరుకు 99 మిల్లీగ్రాములే. తాగేనీళ్లలో 1.5 దాటొద్దు అంటుంటే, పది బోర్లలో ఒక్కదానికి 99 పడినా ఊరి సగటు ఎక్కడికో పోతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని పేరుంది, మన జిల్లా లెక్కే తప్పుగా పోతే నవ్వరూ?

పైథాన్‌లో పైరీడ్‌స్టాట్ అని ఒక లైబ్రరీ ఉంది, ఆ ఎస్పీఎస్ఎస్ ఫైలును నేరుగా చదువుతుంది, లేబుళ్లు, అంటే ఏ కోడ్‌కి ఏం అర్థమో, విడిగా ఇస్తుంది. మామూలుగా వదిలేస్తే 98నీ 99నీ రెండింటినీ ఖాళీ చేసేస్తుంది, అప్పుడు ఎవరు ఇయ్యలేదో ఎవరిది పరీక్ష చేయలేదో మళ్లీ తెలియదు. యూజర్ మిస్సింగ్ ఆప్షన్ ట్రూ పెట్టు, కోడ్లు అట్లే వస్తాయి. టేబుల్‌లో ఫ్లోరైడ్‌కి ఒక కాలమ్, లేకపోతే ఎందుకు లేదో చెప్పడానికి ఇంకో కాలమ్. మొదటిదాంట్లో నల్ (డేటాబేస్‌లో ఖాళీ అని), రెండోదాంట్లో కోడ్.

ఇక్కడ నా పని శాస్ అనే ఇంకో లెక్కల సాఫ్ట్‌వేర్ నుంచి ఒరాకిల్ డేటాబేస్‌కి డేటా ఎక్కించడం, అక్కడ ఇంకో తిరకాసు. ఖాళీ విలువను శాస్ అన్ని అంకెలకన్నా చిన్నదిగా చూస్తుంది, "1.5 కన్నా తక్కువ" అని అడిగితే ఖాళీలు కూడా లెక్కలోకి వస్తాయి. అదే ప్రశ్న డేటాబేస్‌ని దాని భాష ఎస్క్యూఎల్‌లో అడిగితే నల్ ఉన్న వరుస రాదు. డేటా ఒక్కటే, షరతు ఒక్కటే, జవాబులు రెండు, మీటింగ్‌లో టెన్షన్ మాత్రం మనకు.

తేదీ కాలమ్‌లో పదకొండు అంకెల సంఖ్య కనబడితే కంగారు పడకు, ఎస్పీఎస్ఎస్ 1582 అక్టోబర్ 14 నుంచి సెకన్లు లెక్కబెడుతుంది. శాస్‌లో అయితే 1960 జనవరి 1 నుంచి రోజులు.

ఊర్ల పేర్లు తెలుగులో కొట్టారు కదా, అవి మధ్యలో తెగాయేమో చూడు. ఎస్పీఎస్ఎస్‌లో కాలమ్ వెడల్పు బైట్లలో ఉంటుంది, యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) మన అక్షరానికీ గుణింతానికీ ఒత్తుకీ అన్నిటికీ మూడేసి బైట్లు. "మర్రిగూడ" ఒక్కదానికే 24 కావాలి, వాళ్లు 20 పెట్టుంటే చివర డ ఉండదు, గూ కూడా సగమే మిగులుతుంది. తెగింది మళ్లీ రాదు, కాగితం ఫారాలు చూసి కొట్టుకోవాల్సిందే.

సభ్యుడు1 వయసు, సభ్యుడు2 వయసు అని పక్కపక్కన ఉన్న కాలమ్‌లను అట్లే ఎక్కించకు, ఇండ్లకు ఒక టేబుల్, మనుషులకు ఒకటి, ముందు ఇండ్లు ఎక్కాలి. ఏదైనా సరే మొదట ఒక తాత్కాలిక టేబుల్‌లో పోసి, చూసుకుని, అసలు టేబుళ్లలోకి ఒకే ట్రాన్సాక్షన్‌లో పంపు, మధ్యలో ఆగితే ఏదీ ఎక్కనట్టే ఉంటుంది. అయ్యాక వరుసల సంఖ్య సరిపోయిందని లేచిపోకు, ఒక్కో కోడ్ ఎన్నిసార్లు వచ్చిందో రెండు చోట్లా తీసి పక్కన పెట్టుకో.

ఫైలు నాకు పంపేటప్పుడు పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి పంపు, ఎవరింటి సంగతులో మనకెందుకు. నాయన కంటి ఆపరేషన్ తేదీ ఖరారైతే నాకు అర్ధరాత్రి అయినా సరే ఫోన్ చెయ్యి.

నీ అక్క