క్లిప్పు ఊడదీసే ముందు ప్రెషర్ దించాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కారు ఇంధనాన్ని వడకట్టే ఫ్యూయల్ ఫిల్టర్‌ను ఇంట్లోనే మార్చుకోవడం ఎలాగో చెబుతూ ఒక వ్యాసం వచ్చింది. సోమవారం పొద్దున్నే నా పాత విద్యార్థి ఒకడు ఆ పేజీ ఫొటో తీసి పంపి, "టీచర్, వచ్చే ఆదివారం నేను కూడా చేస్తున్నా, పానాలు రెడీ" అని మెసేజ్ పెట్టాడు. అప్పటిదాకా నేను ఆ పేజీ తెరవలేదు. చదివాక నిజంగా టెన్షన్ పట్టుకుంది. వెంటనే వాడికి ఫోన్ చేసి, నేను చెప్పేదాకా కారు ముట్టుకోవద్దన్నాను. మిగతా పాఠకులకు నేను ఫోన్ చేయలేను కదా, అందుకే మీకు రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. ఇలాంటి పనులు ఇంట్లో చేసుకోవద్దని నేను అనను. 31 ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. మెకానిక్‌ని కాను గానీ నా కారు ఫ్యూయల్ ఫిల్టర్ ఇప్పటికి ఐదుసార్లు నా చేతులతోనే మార్చాను. మన బండి కింద ఏముందో మనకు తెలియడం మంచిదే. అసలు మీ వ్యాసం చూసి నేను సంతోషించాల్సింది. కానీ అందులో మొదటి మెట్టే "ఇంజిన్ ఆపి, చల్లారాక, ఫిల్టర్‌కు రెండు వైపులా ఉన్న పైపుల క్లిప్పులు ఊడదీయండి" అని ఉంది. దానికంటే ముందు జరగాల్సిన పని గురించి వ్యాసం మొత్తంలో ఒక్క ముక్క కూడా లేదు. పైపులో ప్రెషర్ ఉంటుంది. దాన్ని దించకుండా క్లిప్పు ముట్టుకోకూడదు.

ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో చెబుతాను. 18 ఏళ్ల కిందటి మాట. మా పెట్రోలు కారు రోడ్డు సమంగా ఉన్నంతసేపూ బాగానే నడిచేది, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం పికప్ పడిపోయేది. ఎంత తొక్కినా బండి లాగేది కాదు. ఫిల్టర్ మూసుకుపోయినప్పుడు కనిపించే లక్షణమే అది. ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ కావాల్సినప్పుడే కొరత పడుతుంది. మా కారుకు ఫిల్టర్ కింది భాగంలో, ట్యాంకుకు కాస్త ముందు, పిడికిలంత లోహపు డబ్బాలా ఉండేది. ఇంజిన్ ఆపి గంట దాటింది, ముట్టుకుంటే చల్లగా ఉంది, ఇక భయమేముందని కారు కిందకు దూరాను. క్లిప్పు వదులు చేసి, పైపును కొంచెం తిప్పి లాగానో లేదో, సన్నటి ధార సర్రున వచ్చి మొహాన కొట్టింది. కళ్లజోడు ఉండబట్టి కళ్లు దక్కాయి. మిగతాదంతా కుడి చెయ్యి వెంబడి జాకెట్టు దాకా కారింది. పైపును వేలితో మూయబోతే ధార ఇంకా విచ్చుకుని అన్ని వైపులా చిమ్మింది.

ఆ రోజు నాకు వెలుతురు చూపిస్తున్నది మా అమ్మాయి. అప్పటికి దానికి పన్నెండేళ్లు. మొదట నేను వేలాడదీసే బల్బు తెమ్మన్నాను. వైరు అంతదూరం రాకపోవడంతో టార్చి తెచ్చింది. పాతకాలపు ఫిలమెంటు బల్బు వెలుగుతూ ఉంటే దాని గాజు కాలిపోతూ ఉంటుంది. దాని మీద చల్లటి పెట్రోలు చుక్క పడితే గాజు పగులుతుంది, లోపల ఎర్రగా కాలుతున్న తీగ బయటపడుతుంది. ఆ వైరు ఇంకో రెండు మీటర్ల పొడవు ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను.

పెట్రోలు ద్రవానికి మంట అంటుకోదు, దాని ఆవిరికి అంటుకుంటుంది అని అప్పటికే ఎన్ని తరగతులకు చెప్పానో. సున్నాకు 40 డిగ్రీలు కింద చలిలో కూడా మంట అందుకునేంత ఆవిరి పెట్రోలు నుంచి వస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది, గుంటల్లో నిలుస్తుంది. కారు కింద పడుకున్న మనిషి సరిగ్గా ఆ ఆవిరి చేరే చోటే ఉంటాడు. ఇదంతా పాఠంగా తెలిసిన నాకే ఆ పూట పైపు దగ్గర గుర్తుకు రాలేదు. పాఠం తెలియని పాఠకుడికి పత్రికే చెప్పాలి.

ఇంజిన్ ఆగినా ప్రెషర్ ఎందుకు ఉంటుందంటారా? పెట్రోలును ఇంజెక్టర్లతో చల్లే కార్లలో ట్యాంకు లోపల కరెంటు పంపు ఉంటుంది. అది పైపులో మామూలుగా 40 నుంచి 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని ఒత్తిడిని కొలిచే లెక్క) దాకా ప్రెషర్ నిలబెడుతుంది. మన కారు టైరులో ఉండే గాలి 30, 35 పీఎస్ఐ. అంటే టైరు కంటే ఎక్కువ ఒత్తిడి ఆ సన్నటి పైపులో ఉంటుంది. ఇంజిన్ ఆపిన తర్వాత కూడా అది పడిపోకుండా ఒక వాల్వ్ పట్టి ఉంచుతుంది, మళ్లీ తాళం తిప్పగానే బండి వెంటనే స్టార్ట్ కావాలని. గంటలు గడిచినా అది అలాగే ఉండొచ్చు. ఇంజిన్ చల్లారడానికీ, పైపులో ఒత్తిడి దిగడానికీ సంబంధం లేదు. మీ వ్యాసం ఆ రెంటినీ ఒకటిగా చూపించింది.

దించడం కష్టమేమీ కాదు. కారుతో ఇచ్చే పుస్తకంలోనో, ఫ్యూజ్ బాక్సు మూత లోపలో ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ ఏదో, రిలే (పంపుకు కరెంటు అందించే స్విచ్చు) ఏదో గుర్తు ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా దాన్ని పీకేయాలి. పంపు ఆగిపోతుంది, పైపులో ఉన్న పెట్రోలును ఇంజిన్ తాగేసి కాసేపటికి తనంతట తానే ఆగిపోతుంది. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు సెల్ఫ్ కొడితే మిగిలిందీ పోతుంది. అప్పుడు తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి పక్కకు పెట్టాలి. ట్యాంకు మూత ఒకసారి తెరిచి, అందులో ఉన్న ఒత్తిడి కూడా వదిలేయాలి. ఇవన్నీ అయ్యాకే క్లిప్పు. అప్పుడు కూడా పైపు చుట్టూ మందపాటి గుడ్డ కప్పి నెమ్మదిగా లాగాలి. ఫిల్టర్ డబ్బా నిండా పెట్రోలు ఉంటుంది కాబట్టి కొంత కారక మానదు, కింద పళ్లెం ఉండాలి. కళ్లద్దాలు, నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. అన్నీ కలిపి పదిహేను నిమిషాల పని.

వ్యాసంతో పాటు వేసిన ఫొటో గురించి కూడా చెప్పాలి. తలుపులు మూసిన షెడ్డులో కారు ఒక్క జాకీ మీద నిలబడి ఉంది, దాని కింద మనిషి పడుకుని నవ్వుతున్నాడు. జాకీ బండిని ఎత్తడానికే గానీ మోస్తూ నిలబడటానికి కాదు. స్టాండ్లు పెట్టి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టి, బండిని ఒకసారి చేత్తో ఊపి చూశాకే తల కిందకు పోవాలి. మూసిన షెడ్డు అసలే వద్దు. గాలి ఆడే బయలులో చేయాలి. డ్రై పౌడర్ మంటలార్పే సిలిండర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి. బకెట్టుతో నీళ్లు పెట్టుకుంటే చాలదా అని మా విద్యార్థి అడిగాడు. పెట్రోలు నీళ్ల మీద తేలుతుంది. నీళ్లు కొడితే మంట వాటితో పాటే పాకుతుంది.

ఇక అన్ని కార్లకూ ఒకే పద్ధతి అన్నట్టు రాయడం ఇంకో పెద్ద లోపం. ఈమధ్య వచ్చిన పెట్రోలు కార్లలో చాలావాటికి బయట ఫిల్టరే ఉండదు. ట్యాంకు లోపల పంపుతో కలిపే బిగించేస్తారు, విడిగా మార్చే వీలు లేనివి ఎన్నో. ఆ సంగతి తెలియని మనిషి కారు కిందకు దూరి, కనిపించిన పైపునల్లా లాగి చూస్తాడు. నేరుగా సిలిండర్లోకి పెట్రోలు చల్లే ఇంజిన్లలో ఇంజిన్ దగ్గరి పంపు తర్వాత ఒత్తిడి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వైపు పైపుల జోలికి ఇంట్లో వెళ్లనే కూడదు.

డీజిల్ సంగతి వేరు. దానికి పెట్రోలంత తొందరగా మంట అంటుకోదన్న మాట నిజమే. కానీ మీ వ్యాసం చివర ఉన్న వాక్యం చదివి నా గుండె జారింది. "ఇంజిన్ స్టార్ట్ చేసి, పైపుల వెంబడి వేలితో తడిమి లీకు ఉందేమో చూడండి" అని ఉంది. కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లో, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ఉమ్మడి పైపు నుంచి డీజిల్ అందే రకంలో, ఇంజెక్టర్ల వైపు ఒత్తిడి 20 వేల పీఎస్ఐ దాటుతుంది. ఫిల్టర్ దగ్గర అంత ఉండదు గానీ, బానెట్ ఎత్తి వేలితో తడుముకుంటూ పోయే మనిషికి ఏ పైపు ఏదో ఎలా తెలుస్తుంది? కంటికి కనిపించనంత సన్నటి ధార చర్మాన్ని దూసుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్క కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండకపోవచ్చు. లోపల డీజిల్ కండరాల మధ్య పాకిపోతుంది. అది వెంటనే ఆపరేషన్ చేయాల్సిన గాయం. ఆలస్యమైతే వేలు, కొన్నిసార్లు చెయ్యే పోతుంది. లీకు చూడాలంటే అట్టముక్క పట్టి చూడాలి, తడి దాని మీద పడుతుంది. ఆ ఒక్క వాక్యాన్నైనా మీరు ముందు సవరించండి.

డీజిల్ ఫిల్టర్ మార్చాక లోపలి ఎయిర్ తీయాలన్న మాట కూడా రాయలేదు. ఎయిర్ ఉండగానే సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడితే హై ప్రెషర్ పంపు పొడిగా తిరుగుతుంది. ఆ పంపుకు నూనె వేరే ఉండదు, డీజిలే దాన్ని తడుపుతుంది. చేతి పంపు ఉన్నవాటికి దాన్ని గట్టిపడేదాకా నొక్కాలి, లేనివాటికి కారు పుస్తకంలో ఏం చెప్పారో అదే చేయాలి.

కొత్త ఫిల్టర్ మీది బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలని బాగా రాశారు. రాగి వాషర్లు ఉన్నచోట పాతవి మళ్లీ వాడకూడదని, నొక్కితే పట్టుకునే రకం పైపులను టక్కుమనేదాకా తోసి, ఒకసారి వెనక్కి లాగి చూసుకోవాలని కూడా ఉంటే బాగుండేది. అన్నీ బిగించాక ఫ్యూజ్, బ్యాటరీ తగిలించి, స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి రెండు క్షణాలు ఆగి తీసేయాలి. అలా రెండు మూడుసార్లు చేస్తే చాలా పెట్రోలు కార్లలో పైపు నిండి ప్రెషర్ వస్తుంది. అప్పుడు కిందకు చూసి, పొడిగా ఉంటేనే ఇంజిన్ స్టార్ట్ చేయాలి. మర్నాడు పొద్దున ఇంకోసారి చూడాలి.

ఇంత జాగ్రత్త చెప్పాక, అంత తిప్పలెందుకు అని ఎవరైనా అనొచ్చు. ఆ రోజు చేతులూ మొహమూ సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకుని, పని పూర్తి చేశాక పాత ఫిల్టర్‌ను ట్యాంకు వైపు రంధ్రం కిందకు పెట్టి తెల్లటి పింగాణీ గిన్నెలో వంచాను. కాఫీ డికాషన్ రంగులో పెట్రోలు, అడుగున తుప్పు లాంటి సన్నటి నలుసు. వెంట్రుక మందంలో ఏడో వంతు ఉండే నలుసును కూడా ఈ ఫిల్టర్ కాగితం ఆపగలదు. అదంతా ఇంజెక్టర్లలోకి పోకుండా ఆ చిన్న డబ్బా ఇన్నాళ్లూ కాచింది. 1888లో బెర్తా బెంజ్ తన భర్త తయారుచేసిన కారులో తొలి దూరప్రయాణానికి బయలుదేరినప్పుడు, దారిలో ఇంధనం పైపు మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసుకుందట. ఆ కథ నా తరగతిలో ఆడపిల్లలకు ఏటా చెప్పేదాన్ని. పని చేతులతో నేర్చుకోవాలనే నా కోరిక, కానీ మీ పేజీ చూసి నేర్చుకునేవాళ్లు కళ్లూ వేళ్లూ పోగొట్టుకోకూడదు.

ఆ గిన్నెలో పెట్రోలు కాలవలో పోయకూడదని, మూత బిగించే లోహపు డబ్బాలో పోసి ఇలాంటి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలని కూడా ఒక వాక్యం వేయండి.

మా విద్యార్థితో నిన్న మళ్లీ మాట్లాడాను. కారు పుస్తకం తెరిచి, ఫిల్టర్ ఎక్కడుందో చదవమన్నాను. వాడి కారుకు ఫిల్టర్ ట్యాంకు లోపలే ఉంది, మార్చే పనే లేదు. మీ వ్యాసం ప్రకారం కారు కింద ఊడదీయబోయింది ఇంజిన్‌కు నేరుగా వెళ్లే పైపును. వాడు ఆగాడు. ఆ పేజీ కత్తిరించి దాచుకున్న మిగతావాళ్లలో ఎంతమంది ఈ ఆదివారం పానా పట్టుకుంటారో. అందుకే సవరణను లోపలి పేజీలో ఓ మూలన కాకుండా, ఆ వ్యాసం వచ్చిన చోటే, అంతే పెద్ద అక్షరాల్లో, శనివారం లోపు వేయమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విశ్రాంత సైన్సు ఉపాధ్యాయురాలు