సినిమాలో చూసిన కారే కావాలని అడుగుతున్న మా కస్టమర్లకు

నమస్కారం. బుకింగ్‌కు ఎందుకింత కాలం ఆగాల్సి వస్తోందని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేయించుకోవడానికి మా దగ్గరికి వచ్చేవాళ్లు బాగా పెరిగారు. వాళ్లలో ఎక్కువమంది తమ కారును మొదట చూసింది రోడ్డు మీద కాదు, తెర మీద. సినిమాలోనో, సీరియల్లోనో, గేములోనో చూసి మనసు పారేసుకున్నవాళ్లు. వాళ్లు రావడం మాకు నిజంగా సంతోషం. అయితే దానివల్ల మా పని పద్ధతిలో కొన్ని మార్పులు చేస్తున్నాం. అవేమిటో, ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. తెర మీద వచ్చిన పేరు ఉత్త మోజు అని కొట్టిపారేసే మెకానిక్‌లు ఉన్నారు. నేను ఒప్పుకోను. డెలోరియన్ కారునే చూడండి. ఉత్తర ఐర్లాండ్‌లోని డన్‌మరీ ఫ్యాక్టరీలో తయారైనవి సుమారు 9 వేలు. కంపెనీ 1982లోనే దివాలా తీసింది. అమెరికాలో అమ్మిన కారు ఇంజను 130 హార్స్‌పవర్, ఆ రూపానికి తగ్గ వేగం లేదని అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. 1985లో 'బ్యాక్ టు ది ఫ్యూచర్' సినిమాలో అది కాలంలో వెనక్కీ ముందుకీ వెళ్లే యంత్రమైంది. ఆ సినిమా రాకపోయుంటే ఇవాళ ఆ కారుకు పార్టులు అమ్మేవాళ్లు, దాన్ని విప్పి బిగించడం తెలిసినవాళ్లు ఇంతమంది ఉండేవాళ్లు కాదని నా నమ్మకం. మూతబడిన కంపెనీ బండికి కొత్త డోర్ సీలు (తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీ) దొరుకుతోందంటే దాని వెనక అభిమానుల డబ్బు, ఓపిక ఉన్నాయి.

కానీ అదే కారు విషయంలో కొనేవాళ్లు పొరపడే చోటు కూడా ఉంది. బాడీ స్టెయిన్‌లెస్ స్టీలు కదా, తుప్పు గొడవ లేదనుకుంటారు. కింద ఉన్న ఫ్రేము మాత్రం మామూలు ఉక్కు, దానిమీద ఎపాక్సీ అనే గట్టి రెసిన్ పూత. ఆ పూత ఎక్కడైనా పగిలితే తేమ లోపలికి చేరి, బయటికి కనపడకుండానే తినేస్తుంది. పైకి లేచే తలుపులను పట్టి నిలిపే గ్యాస్ స్ట్రట్‌లు (గ్యాస్ నింపిన కడ్డీలు) కూడా వయసుతో బలం తగ్గి తలుపును నిలబెట్టలేవు. అందుకే డెలోరియన్ తెచ్చినవాళ్లకు మేము మొదట చూపించేది తలుపులు కాదు, లిఫ్ట్ మీదికెత్తి అడుగు భాగం.

సినిమాలో కనిపించగానే అన్ని కార్లకూ ఒకే రకంగా గిరాకీ రాదు. షోరూములో కొత్తగా అమ్ముడవుతున్నప్పుడే సినిమా వస్తే ఫలితం వెంటనే కనిపిస్తుంది. 1977లో 'స్మోకీ అండ్ ది బాండిట్' వచ్చిన ఏడాది, అందులో కనిపించిన పాంటియాక్ ట్రాన్స్ ఆమ్‌లు 68,745 తయారయ్యాయి. 1979 నాటికి ఆ సంఖ్య 1,17,108. అంతా సినిమా పుణ్యమే అనను, కానీ దాని వాటా పెద్దదే. పాత కార్లకు వచ్చే గిరాకీ వేరు. పన్నెండేళ్ల వయసులో చూసిన కారును కొనడానికి చేతిలో డబ్బు ఉండాలి, ఇంట్లో చోటు ఉండాలి. దానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. 1964లో జేమ్స్ బాండ్ సినిమా 'గోల్డ్‌ఫింగర్'లో ఆస్టన్ మార్టిన్ డీబీ5 వచ్చింది, మరుసటి ఏడాది కార్గీ కంపెనీ దాని బొమ్మ కారు తెచ్చింది. డీబీ5 తయారైనవి వెయ్యి చిల్లరే, బొమ్మలు మాత్రం లక్షల్లో పిల్లల చేతుల్లోకి వెళ్లాయి. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఏ కారు వెతుక్కుంటారో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా దగ్గర ఎక్కువగా ఉన్నది జపాన్ కార్ల తరం. 1997లో 'గ్రాన్ టురిస్మో' అనే కార్ రేసు వీడియో గేము వచ్చాక, ఎప్పుడూ కళ్లారా చూడని కార్ల ఇంజను పేర్లు కూడా కుర్రాళ్లకు నోటికొచ్చాయి. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 అనే కారును అమెరికాలో అధికారికంగా అమ్మలేదు. అక్కడి నిబంధనల ప్రకారం ఇలాంటి కార్లను మామూలుగా దిగుమతి చేసుకోవాలంటే తయారై 25 ఏళ్లు నిండాలి. 1999లో వచ్చిన ఆర్34కు ఆ వయసు 2024లో మొదలైంది. అంతవరకూ దాన్ని తెర మీదే నడిపినవాళ్లు ఇప్పుడు నిజమైన బండి కోసం పోటీ పడుతున్నారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ టొయోటా ఏఈ86ది. 1983 నుంచి 1987 దాకా వచ్చిన చిన్న కారు, 1.6 లీటర్ ఇంజను, వెనక చక్రాలకు పవర్. 1995లో మొదలైన 'ఇనీషియల్ డి' అనే జపాన్ కామిక్‌లో ఒక కుర్రాడు ట్రూనో అనే నలుపు తెలుపు ఏఈ86తో టోఫు (సోయా పన్నీరు) డెలివరీ చేస్తూ, కొండ దారుల్లో తనకన్నా ఎంతో బలమైన కార్లను ఓడిస్తాడు. ఆ కథలో గెలిచేది డ్రైవింగ్. బహుశా అందుకే ఏఈ86 తెచ్చేవాళ్లు దాన్ని షెడ్డులో దాచుకోరు, నడుపుతారు. ఈ అభిమానం ఎంత దూరం వెళ్లిందంటే, టొయోటా 2021లో ఆ కారుకు స్టీరింగ్ నకిల్ ఆర్మ్ (ముందు చక్రాన్ని తిప్పే భాగం), వెనక బ్రేక్ క్యాలిపర్ (బ్రేకు డిస్కును బిగించి పట్టే భాగం) లాంటివి మళ్లీ తయారుచేస్తామని ప్రకటించింది. తన మరో స్పోర్ట్స్ కారైన సూప్రా పాత మోడళ్లకూ ఇలాగే కొన్ని పార్టులు తెచ్చింది. పార్టు కోసం మరో కారును కోయాల్సిన అవసరం తగ్గితే మాకు అంతకన్నా ఏం కావాలి?

ఇక టెన్షన్ పెట్టే విషయం. 2001లో మొదటి 'ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' సినిమాలో వాడిన నారింజ రంగు సూప్రా 2021లో లాస్ వేగాస్ వేలంలో 5,50,000 డాలర్లకు పోయింది. ఆ వార్త చూసి, మా సూప్రాను కూడా అలా మార్చండి అని అడుగుతున్నారు. ఆ డబ్బు వచ్చింది రంగుకు కాదు. సినిమాలో వాడిన బండి అనడానికి దానికి కాగితాల ఆధారం ఉంది. మామూలు మార్కెట్‌లో కథ తిరగబడింది. ట్విన్ టర్బో (గాలిని ఒత్తిడితో పంపి బలం పెంచే రెండు టర్బోలు) ఉన్న 2జేజెడ్-జీటీఈ అనే ఇంజను, సిక్స్ స్పీడ్ మాన్యువల్ గేర్‌బాక్స్‌తో, ఎవరూ చెయ్యి పెట్టని సూప్రాకే ఎక్కువ విలువ పలుకుతోంది. టర్బో లేని ఇంజనుతో కూడా ఆ కారు వచ్చిందని గుర్తుంచుకోండి. పెద్ద వింగు, స్టిక్కర్లు చూసి కొనేసి, తర్వాత బోనెట్ ఎత్తి బాధపడినవాళ్లను చూశాను.

అందుకని ఇకనుంచి, ఒరిజినల్‌గా మిగిలి ఉన్న కారును కోసి సినిమా కారులా మార్చే పని మేము తీసుకోం. బోల్టులు విప్పితే మళ్లీ పాత రూపానికి వచ్చే మార్పులైతే చేస్తాం, తీసిన ప్రతి భాగాన్నీ పేరు రాసి మీకే అప్పగిస్తాం. ఇంతకుముందే బాగా మారిపోయిన కారుంటే దాన్ని మీకు నచ్చిన సినిమా రూపానికి తేవడానికి అభ్యంతరం లేదు, నాకు ఆ పని సరదా కూడా. 'డ్యూక్స్ ఆఫ్ హజ్జార్డ్' సీరియల్ కోసం సుమారు 300 డాడ్జ్ చార్జర్ కార్లు నాశనమయ్యాయి. కారును ప్రపంచానికి పరిచయం చేసిన సీరియలే దాన్ని అంతగా మింగేసింది. మా చేతులతో అలాంటి లెక్కకు ఒక్క కారు కూడా కలపదలచుకోలేదు.

కొత్త సినిమా విడుదలైందని ఎవరి కారునూ క్యూలో ముందుకు జరపం. పేరున్న కారు అని లేబర్ చార్జీ పెంచం. పార్టుల ధరలు మాత్రం మా చేతిలో లేవు, ఆర్డర్ పెట్టే రోజున ఎంతుందో బిల్లు చూపించి అంతే తీసుకుంటాం. ఫోటోలు చూసి ఫోన్‌లో ఖర్చు చెప్పడం ఆపేశాం, కారు లిఫ్ట్ ఎక్కాకే అంచనా ఇస్తాం.

కొనబోయే ముందే కారును మాకు చూపించాలనుకునేవాళ్లు చాసిస్ నంబర్, ఇంజను నంబర్ స్పష్టంగా కనిపించే ఫోటోలు పంపండి. తనిఖీకి వచ్చేటప్పుడు పాత ఓనరు దగ్గరున్న బిల్లులు, విప్పి పక్కన పెట్టిన పార్టులు అడిగి తీసుకురండి. విరిగినవైనా పారేయకండి, కొత్తవి చేయించడానికి కొలతలు వాటి నుంచే తీసుకోవాలి.