‘ఇంటికో గిన్నె’ను క్యాటరింగ్‌కు అప్పగించవద్దు

సంపాదకులకు నమస్కారం.

కార్తీక మాసం రాగానే పత్రికల జిల్లా పేజీల్లో వనభోజనాల వార్తలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో చాలావరకు ఏదో ఒక కుల సంఘం పేరుతో జరిగేవే. ఉసిరి చెట్టు కింద ఎవరి కులంవారు వారే విస్తళ్లు వేసుకొని కూర్చుంటే దానినీ సహపంక్తి భోజనమనే రాసుకుంటున్నాం. బంధుమిత్రులు కలుసుకోవడానికి ఒక రోజు కావాలి గనుక ఆ భోజనాలను నేను తప్పుపట్టను. నా బాధ గోడకు అవతల ఉన్న ఇంటివారితో కలిసి తినే అవకాశం తగ్గిపోతున్నందుకు.

హన్మకొండలో మేముండే కాలనీలో అరవై ఇళ్ల దాకా ఉంటాయి. 2023 జూలై చివరి వరదల్లో హంటర్ రోడ్డు వైపు కాలనీలు నీట మునిగినప్పుడు మేమంతా ఒక ఇంటి ముందు చేరి పులిహోర పొట్లాలు కట్టి పంపించాం. పదేళ్లుగా పక్కపక్కనే ఉంటున్నవాళ్లం, ఆ పొట్లాలు కడుతూ ఒకరి పేరు ఒకరం అడిగి తెలుసుకోవలసి వచ్చింది. ఆ సిగ్గుతోనే నెలకొకసారి, రెండో ఆదివారం రాత్రి, ఇంట్లో వండిన ఒక్క వంటకం తెచ్చుకొని అందరం కలిసి తినాలని అనుకున్నాం. దానికి ‘ఇంటికో గిన్నె’ అన్న పేరు ఎవరు పెట్టారో గానీ అదే నిలిచిపోయింది. ఇప్పుడు మా కమిటీలో కొందరు ఇంటికింత అని చందా వేసి, వంటను క్యాటరింగ్‌వారికి అప్పగిద్దామంటున్నారు. ఇలాంటి ఆలోచన మరికొన్ని కాలనీల్లోనూ ఉన్నదని విని ఈ లేఖ రాస్తున్నాను.

వండింది పంచుకోవడం ఓరుగల్లువారికి ఎవరో నేర్పవలసిన సంగతి కాదు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మలను నీళ్లలో విడిచిన తరువాత, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద, సత్తుపిండి చేతులు మారుతుండగా ‘ఇస్తినమ్మ వాయనం’, ‘పుచ్చుకుంటినమ్మ వాయనం’ అన్న మాటలు వినిపిస్తూనే ఉంటాయి. పుచ్చుకునే చెయ్యి ఎవరిదో చాలాసార్లు ఇచ్చేవారికి తెలియదు. మేడారం నుంచి తెచ్చిన ‘బంగారం’ (అమ్మవార్ల ప్రసాదమైన బెల్లం) వాడకట్టులో పంచితే తప్ప జాతరకు పోయివచ్చినట్టు కాదు. రంజాన్ పండుగకు పక్కింటి నుంచి షీర్ ఖుర్మా వచ్చిన గిన్నెను మా ఇంట్లో ఏనాడూ ఖాళీగా తిరిగి పంపలేదు. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేసి పంపుతారు. క్యాటరింగ్‌వారి గిన్నెలు వారి బండిలోనే వచ్చి వారి బండిలోనే పోతాయి.

గిన్నెల మాట వచ్చింది గనుక, చెప్పుకోవడానికి ఇష్టం లేని ఒక సంగతీ చెప్పాలి. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించి ఉంటాయి కదా. మొదటి నెల ఆ పేరు చదివిన తరువాతే గరిటె అందుకున్నవారిని నేను కళ్లారా చూశాను. వాచ్‌మన్ భార్య పచ్చిపులుసు చేసి తెచ్చింది. కాల్చిన పచ్చిమిరపకాయలు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, దంచిన నువ్వుల పొడి వేసిన ఆ పులుసు వాసన బల్ల దాటి వచ్చింది గానీ, గిన్నె ముప్పావు వంతు అలాగే ఇంటికి తిరిగిపోయింది. మరుసటి నెల ఆమె వంట చేయలేదు. డజను అరటిపండ్లు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టింది. మా ఆవిడ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఆమె ఇంటికి పోయి అడిగితే నవ్వి ఊరుకుంది. ఐదో నెలలో గానీ మళ్లీ పచ్చిపులుసు రాలేదు. ఇప్పుడు అన్నిటికంటే ముందు అయిపోయేది అదే. అయినా రెండు ఇళ్లవారు ఈనాటికీ దానిని ముట్టరు. అందరికీ ఒకేచోట వండిస్తే ఈ ఇబ్బంది ఉండదని కమిటీ పెద్ద ఒకరు అన్నారు. ఇబ్బంది ఉండదు, నిజమే. ఆ రెండు ఇళ్లలో ఉన్నది మాత్రం అలాగే ఉండి, మన కంటికి కనబడకుండా పోతుంది.

క్యాటరింగ్ కావాలనేవారి వాదనలో న్యాయమైన మాట ఒకటున్నది. ఆదివారం కూడా వంట భారం ఆడవాళ్ల మీదే పడుతున్నది. దీనికి మందు వంటవాళ్లను పిలవడం కాదు, మగవాళ్లు పొయ్యి దగ్గరికి రావడం. ఏడాదిగా మా దగ్గర అన్నం మగవాళ్లే వండుతున్నారు, అంట్లూ వారే కడుగుతున్నారు. మొదట్లో రెండుసార్లు అన్నం అడుగంటింది, ఎవరూ పస్తు పడుకోలేదు. సగం ఇళ్లు ఒక నెల, తక్కిన సగం మరో నెల వండి తెస్తే ఎవరికీ బరువనిపించదు.

శుభ్రత గురించి కూడా అడుగుతున్నారు. పొద్దున వండిన అన్నం తేవద్దని మా నియమం. వండిన అన్నం గంటల తరబడి వెచ్చగా ఉండిపోతే అందులో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకని బల్ల మీద పెట్టినవన్నీ రెండు గంటల్లోపు తినేస్తాం. మాంసం కూరలకు వేరే బల్ల, వేరే గరిటెలు ఉంటాయి. పల్లీలు, నువ్వులు వేసిన వంటకానికి ఆ మాట చీటీ మీద రాసి పెడతాం, కొందరికి అవి పడవు. కంచాలు ఎవరివి వారే తెచ్చుకుంటారు, చాలనివారికి మోదుగాకు విస్తళ్లు ఉంటాయి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల మీద 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉన్నా ఫంక్షన్లలో అవి ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

నగరపాలక అధికారులకు ఒక విన్నపం. మాకు సొంత హాలు లేదు, రోడ్డు పక్కన షామియానా వేసుకొని తింటున్నాం. వానాకాలంలో రెండు నెలలు మానుకోవలసి వచ్చింది. వార్డుల్లోని కమ్యూనిటీ హాళ్లను ఫంక్షన్లు లేని రోజుల్లో నెలకొక సాయంత్రం, అద్దె లేకుండా, చుట్టుపక్కల ఇళ్లవారి భోజనాలకు ఇవ్వాలి. కరెంటు ఖర్చు, ఊడ్చి కడిగే పని మేమే చూసుకుంటాం.

చందా సంగతి వచ్చే రెండో ఆదివారం, తినడానికి కూర్చోకముందే కమిటీ తేలుస్తుందట. ఆ రోజు అన్నం వండే వంతు నాదే. పది కిలోల బియ్యం మధ్యాహ్నమే కడిగి ఉంచుతాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హన్మకొండ