టేపుల పద్దు ఎందుకు పెరిగింది? మానవ శాస్త్ర విభాగం పూర్వ విద్యార్థుల సంఘం జమా ఖర్చుల వివరణ

సభ్యులకు, దాతలకు, విభాగం అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

పూర్వ విద్యార్థుల సమ్మేళనం కోసం, విభాగం అభివృద్ధి కోసం వసూలైన సొమ్ముకు లెక్క చెప్పడం కమిటీ బాధ్యత. లెక్క ఎప్పుడు చెబుతారని మర్యాదగా అడిగినవారూ, చెప్పకముందే తీర్పు ఇచ్చేసినవారూ మా సభ్యులే కనుక అందరికీ కలిపి ఇదే సమాధానం. తామిచ్చిన మొత్తం బయటపెట్టవద్దని కొందరు దాతలు కోరారు. అందువల్ల జమ అయిన మొత్తాన్ని 100 వంతులుగా తీసుకుని ఇక్కడ వివరిస్తున్నాం. విభాగం పాత బ్యాచ్‌ల వాళ్లు క్షేత్రంలో జనం మాటలు, పాటలు రికార్డు చేసిన టేపుల ఖర్చు 15 వంతుల నుంచి 37కు ఎందుకు పెరిగిందన్నదే ఎక్కువమంది అడిగిన ప్రశ్న. అసలు అంకెలు, ఓచర్లు, బ్యాంకు పుస్తకం కోశాధికారి దగ్గర ఉన్నాయి. సభ్యులు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

జమ

పూర్వ విద్యార్థుల విరాళాలు 71. ప్రస్తుత, విశ్రాంత అధ్యాపకులు ఇచ్చినవి 14. సమ్మేళనం నమోదు రుసుము 9. ప్రత్యేక సంచికలో ప్రకటనలు 4. బ్యాంకు వడ్డీ 2.

అధ్యాపకుల 14 వంతుల్లో ఎక్కువ భాగం విశ్రాంత అధ్యాపకులదే. పింఛను మీద బతికేవారు అందరికంటే ముందు పంపారు. వారికి మా నమస్కారాలు. అంతకుమించి ఏమీ అనదలచుకోలేదు.

సమ్మేళనం వేదిక మీద ప్రకటించినవన్నీ చేతికి వచ్చి ఉంటే జమ 128 వంతులు అయ్యేది. అంటే 28 వంతులు ఇంకా మాటగానే ఉన్నాయి. చప్పట్లు మాత్రం ఆ రోజే పూర్తిగా ముట్టాయి. గుర్తు చేస్తూ ఉత్తరాలు రాశాం. కొందరు వెంటనే పంపారు, ఆ మొత్తం పై జమలో కలిసే ఉంది. ఒక సభ్యుడు మాత్రం ‘ముందు లెక్క చూపండి, తరువాత ఇస్తాను’ అని జవాబిచ్చారు. ఇదిగో లెక్క.

ఖర్చు

సమ్మేళనం రోజు హాలు, కుర్చీలు, మైకు, భోజనాలు 18.

విద్యార్థుల క్షేత్ర పర్యటనకు సహాయం 16. ప్రయాణం, బస, మందుల పెట్టె ఇందులోకే వస్తాయి. సహాయం పొందిన విద్యార్థుల పేర్లు ప్రకటించమని ఒకరిద్దరు అడిగారు. ప్రకటించం. క్షేత్రంలో సమాచారం ఇచ్చినవారి పేర్లు దాచాలని తరగతిలో నేర్పే విభాగం ఇది. సొంత విద్యార్థుల పేర్లు గోడకు అంటించడం కుదరదు.

మ్యూజియం మరమ్మతు 11. ఎముకలకు ఆమ్లం లేని కాగితం, కొత్త పెట్టెలు, తేమ లాగే సిలికా జెల్, శరీర కొలతలు తీసే ఆంత్రోపోమీటర్, కాలిపర్ల బాగుచేత. ఈ ఎముకలు, కొలతల పనినీ కింద వచ్చే టేపుల పనినీ విడదీసి ‘శారీరక మానవ శాస్త్రం వారికి 11, సామాజిక మానవ శాస్త్రం వారికి 37’ అని వాటాలు వేసిన మిత్రులకు ఒక్క మాట. అమెరికాలో మానవ శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడైన ఫ్రాంజ్ బోయాస్ వలస వచ్చినవారి తలలూ కొలిచాడు, మైనపు సిలిండర్ల మీద పాటలూ రికార్డు చేశాడు. ఆయన ఏ వాటాలోకి వస్తాడో మీరే తేల్చండి.

ప్రత్యేక సంచిక ముద్రణ 5. తపాలా, ఆడిట్, చిల్లర ఖర్చులు 2.

పాత టేపుల భద్రత 37.

మొత్తం ఖర్చు 89. నిల్వ 11.

37 వంతుల సంగతి

అసలు తగవంతా ఇక్కడే ఉంది. మొదటి తీర్మానంలో టేపులకు కేటాయించింది 15 వంతులు. అది 37కు ఎలా చేరిందని అడగడం న్యాయమే. ‘సమ్మేళనం పేరు చెప్పి వసూలు చేసి టేపుల మీద పోశారు’ అనడం న్యాయం కాదు. పెంపు కోసం సమావేశం పెట్టి రెండో తీర్మానం చేశాం. అతిథులకు జ్ఞాపికలు పూర్తిగా మానేశాం, సంచికను రంగుల్లో కాకుండా నలుపు తెలుపులో వేయించాం. మినిట్స్ పుస్తకంలో హాజరైనవారందరి సంతకాలూ ఉన్నాయి. ఇప్పుడు ఆక్షేపిస్తున్నవారిలో ఇద్దరి సంతకాలు కూడా అందులోనే ఉన్నాయి.

ఇందులో టేపులను డిజిటల్‌లోకి మార్చడానికి 15, నిల్వ పరికరాలకు 4, ఆ గొంతులు ఎవరివో వారి దగ్గరికి వెళ్లి వినిపించి అనుమతి తీసుకోవడానికి 18.

మొదటి 15 గురించి. పాత బ్యాచ్‌ల వాళ్లు క్షేత్రంలో రికార్డు చేసిన రీళ్లు, క్యాసెట్లు కొలత పరికరాల పెట్టెల వెనుక ఇనుప అల్మారాలో పడి ఉన్నాయి. ‘ఫోను దగ్గర పెట్టి ప్లే చేస్తే రికార్డు అయిపోదా?’ అన్నారు ఒక సభ్యుడు. ప్లే చేస్తే కొన్ని రీళ్ల మీద ధ్వని నమోదై ఉన్న పూత యంత్రానికి అంటుకుని ఊడిపోతుంది. పూతను పట్టి ఉంచే బంక గాలిలోని తేమను పీల్చి జిగటగా మారడమే దీనికి కారణం. అలాంటి వాటిని సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి వేడి చేసి, ఆ తరువాతే ఆడించాలి. కానీ టేపు ప్లాస్టిక్ పట్టీ పాలియెస్టర్ కాకుండా అసిటేట్ అనే పాత రకానిదైతే, అలా వేడి చేస్తే పాడైపోతుంది. అందుకే సాంకేతిక నిపుణుడు ఒక్కో రీలును ముందు దీపానికి ఎదురుగా పట్టుకుని చూశారు. వెలుతురు లోపలి నుంచి కనిపిస్తే అసిటేట్, కనిపించకపోతే పాలియెస్టర్. కొన్నింటి డబ్బా మూత తీయగానే పుల్లటి ఘాటు వాసన కొట్టింది. అది అసిటేట్ కుళ్లుతున్న వాసన. వాటిని ముందు వరుసలోకి తెచ్చాం. ఆలస్యంలో సగం ఈ ఏరివేతకే పట్టింది.

ఇంకో ఏడాది ఆగితే ఏం పోయేదని అడిగినవారికి: మాగ్నెటిక్ టేపుల గురించి యునెస్కో వారి ‘అందరికీ సమాచారం’ కార్యక్రమం, ధ్వని, దృశ్య భాండాగారాల అంతర్జాతీయ సంఘం కలిసి 2019లోనే హెచ్చరిక జారీ చేశాయి. 2025 తరువాత చాలా టేపులు ఇక చేతికి రావన్నది అప్పటి నిపుణుల అంచనా. టేపు బాగానే ఉన్నా దాన్ని ఆడించే యంత్రం, విడి భాగాలు, బాగుచేసే మనిషి దొరకడం కష్టమవుతోంది.

నిల్వ పరికరాల 4 వంతులు చూసి ‘ఇన్ని హార్డ్ డిస్కులా?’ అన్నారు. భద్రపరిచే ప్రమాణంలో, అంటే 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియోలో, ఒక గంట రికార్డింగు సుమారు 2 గిగాబైట్లు అవుతుంది. మూడు ప్రతులు, వేర్వేరు చోట్ల. అంతే.

ఇక 18 వంతులు. ‘పాటలు వినడానికి కూడా కూలీ ఇస్తారా?’ అన్న ప్రశ్న మా చెవిన పడింది. ఇచ్చాం. పని మానుకుని రోజంతా కూర్చుని విన్నవారికి ఆ రోజు ఆదాయం ఎవరు ఇస్తారు? ఆ రికార్డింగులు చేసినప్పుడు వాళ్ల పెద్దలు రోజుల తరబడి మనతో మాట్లాడారు. అప్పుడు మనం ఇచ్చింది ఏమీ లేదు. పట్టాలు మనకు వచ్చాయి, ఉద్యోగాలు మనకు వచ్చాయి. టేపు విన్నందుకు సాంకేతిక నిపుణుడికి గంటల లెక్కన చెల్లిస్తే ఎవరూ అడగలేదు. ఆ భాష తెలిసి, ఆ మనుషులను గుర్తుపట్టి, ఏ మాట బయటికి వెళ్లవచ్చో చెప్పినవారికి చెల్లిస్తే మాత్రం దుబారా అయింది!

ఆ కూర్చోవడాల్లో ఏం జరిగిందో కొంతైనా చెప్పాలి. ఒక క్యాసెట్ మీద బాల్ పెన్నుతో ‘పెద్దాయన, రెండో వైపు’ అని మాత్రమే రాసి ఉంది. అది మొదలైన కాసేపటికే వెనుక వరుసలో కూర్చున్న ఒక ముసలావిడ చెయ్యెత్తి ఆపమన్నారు. అది చనిపోయిన తన అన్నగారి గొంతు. ఆమె ఇంటివాళ్లందరూ వచ్చాకే మళ్లీ పెట్టాం. ఆ వేళకు వాహనం అద్దె ఇంకో రోజుకు పెరిగింది. ‘అదనపు రోజు’ అని ఆడిటరు గుర్తు పెట్టిన ఓచరు అదే.

పాత వంశవృక్షాల చార్టులు కూడా అక్కడే సరిచూసుకున్నాం. ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరస్ జలసంధికి 1898లో వెళ్లిన యాత్రలో బ్రిటిష్ పరిశోధకుడు రివర్స్ మొదలుపెట్టిన వంశవృక్ష పద్ధతినే మన వాళ్లూ పాటించారు. గీతల్లో మాత్రం తరువాత వాడుకలోకి వచ్చిన గుర్తులు వాడారు: మగవారికి త్రిభుజం, ఆడవారికి వృత్తం. ఒక చార్టులో త్రిభుజంగా ఉన్న వ్యక్తి నిజానికి ఇంటి పెద్దక్క. ఆ చార్టు ఆధారంగా ఇన్నేళ్లుగా తరగతిలో పాఠాలు చెప్పారు. ఆ వివరం తెలిసినవాళ్లు ఆ గదిలోనే ఉన్నారు, విభాగంలో ఒక్కరూ లేరు.

కొన్ని రికార్డింగులు దాతలు కూడా వినలేరు. దీని మీద కోపాలు ఎక్కువగా ఉన్నాయని తెలుసు. ‘డబ్బు మేమిస్తే మాకే తాళమా?’ అని ఒకరు రాశారు. అంత్యక్రియల్లో మాత్రమే పాడే పాట ఒకటి ఉంది. వేరే వేళ వినిపించవద్దని వాళ్లు కోరారు, ఒప్పుకున్నాం. ఆస్ట్రేలియాలో వారుముంగు ప్రజలతో కలిసి తయారుచేసిన ముకుర్తు అనే భాండాగార వ్యవస్థ సరిగ్గా ఈ అవసరం కోసమే పుట్టింది: ఏది ఎవరు చూడాలో, వినాలో ఆ సమాజమే నిర్ణయిస్తుంది. మూలవాసుల సమాచారాన్ని ఎవరు, ఎలా వాడాలో చెబుతూ 2019లో వచ్చిన కేర్ (CARE) సూత్రాలు కూడా, ఆ అధికారం ఆ సమాజానిదే అంటాయి. మీ విరాళం టేపు చెడిపోకుండా ఆపింది. పాట మీద హక్కు మాత్రం అమ్మకానికి పెట్టలేదు, పెట్టడానికి అది మనది కూడా కాదు.

అనుమతి దొరికినవన్నీ విభాగం గ్రంథాలయంలో వినవచ్చు. ఒక ప్రతి ఆ ఊళ్లకూ ఇచ్చాం. రికార్డింగులు విని రాతలోకి దించిన యువతీయువకుల పేర్లు, వారి అంగీకారంతో, సూచికలో చేర్చాం. రాత్రుళ్లు కూర్చుని లేబుళ్లన్నీ ఎక్కించిన పరిశోధక విద్యార్థులు ఒక్క పైసా తీసుకోలేదు. వారికి ధన్యవాదాలు చెప్పడానికి ఈ కాగితం చాలదు.

నిల్వ ఉన్న 11 వంతుల్లో 7 వచ్చే క్షేత్ర పర్యటనకు, మిగిలిన 4 ఇంకా డబ్బాల్లోనే ఉన్న అసిటేట్ రీళ్లకు కేటాయించాం. రావలసిన 28 వస్తే క్యాసెట్లు కూడా పూర్తవుతాయి. రాకపోతే ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా చేస్తాం. ఇవ్వలేని పరిస్థితి ఉన్నవారు ఒక ముక్క రాస్తే చాలు, జాబితాలోంచి పేరు తీసేస్తాం. ఎవరినీ తప్పుపట్టం. జవాబే ఇవ్వనివారికి మాత్రం మళ్లీ ఉత్తరం వస్తుంది.

చిరునామా మారినవారి రసీదులు కొన్ని తిరిగి వచ్చాయి. అందనివారు బ్యాచ్ సంవత్సరం, కొత్త చిరునామా కోశాధికారికి తెలియజేయగలరు.

ఇట్లు,
కార్యవర్గం