పోయిన పికప్ ఎక్కడుంది?

ఏరా,

నీ ఉత్తరం చదివాను. ఆ పాత కారుని తుక్కుకి ఇచ్చేయకుండా నువ్వే ఉంచుకుంటున్నందుకు చాలా సంతోషంగా ఉందిరా. చిన్న ఇంజను, తేలిక బాడీ, బానెట్ ఎత్తితే చెయ్యి దూరేంత చోటు. మనిషి కాస్త ఓపిక పడితే పూర్తిగా అర్థం చేసుకోగలిగిన యంత్రం అది. ఇలాంటి బళ్ళంటే నాకు అందుకే అంత ఇష్టం.

ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఆయాసపడుతోందనీ, ఓపెన్ ఎయిర్ ఫిల్టరూ లావుపాటి సైలెన్సరూ వేయిస్తే పికప్ పెరుగుతుందా అనీ అడిగావు. ఇప్పుడే ఏదీ కొనకు. కొత్తలో ఆ బండి అలాంటి ఎత్తులు హాయిగానే ఎక్కి ఉంటుంది. అప్పటి బలంలో కొంత సిలిండర్లలో, కొంత వైర్లలో, కొంత చక్రాల దగ్గర పోతూ ఉంటుంది. ముందు అదంతా వెతికి వెనక్కి తెచ్చుకుందాం. ఆ తర్వాత కూడా చాలదనిపిస్తే కొత్తవాటి గురించి మాట్లాడుకోవచ్చు. ఇన్నేళ్ళూ పాత బళ్ళతో తిరిగి నేను గట్టిగా నమ్మేది ఇదే.

మొదట చేయించాల్సింది కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండరూ గాలిని ఎంత గట్టిగా నొక్కగలుగుతోందో కొలవడం. ఇంజను వేడెక్కాక ప్లగ్గులన్నీ విప్పి, ఇగ్నిషనూ పెట్రోలూ ఆపేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, ఒక్కో సిలిండర్‌కీ గేజ్ బిగించి స్టార్టర్ తిప్పుతారు. బ్యాటరీ నిండుగా ఉండాలి, లేకపోతే రీడింగ్ తక్కువ వస్తుంది. బాగున్న చిన్న పెట్రోల్ ఇంజన్లు చాలావరకు 150 నుంచి 190 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మధ్య చూపిస్తాయి. నీ బండికి ఎంతుండాలో సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది, అదే ప్రమాణం. అయితే అంకె ఎంతన్నదానికన్నా సిలిండర్లన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ఎక్కువ చెబుతుంది. ఒకటి మిగతావాటికంటే 15 శాతానికి మించి తక్కువుందంటే అక్కడ ఏదో లోపం ఉన్నట్టే. ఆ సిలిండర్లో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్ళీ కొలవమను. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం, ఆ సందుని ఆయిల్ కాసేపు మూసిందన్నమాట. పెరగకపోతే వాల్వులు సరిగ్గా మూసుకోవడం లేదు, లేదా ఇంజను బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్, పోయింది. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లూ కలిసి తక్కువుంటే నేనైతే ముందు గాస్కెట్‌నే అనుమానిస్తాను.

ఇది మొదటే ఎందుకంటున్నానంటే, రింగులు పోయిన ఇంజనుకి ఎంత ట్యూనింగ్ చేయించినా, ఎన్ని పార్టులు మార్చినా నీ డబ్బు వృథా. కంప్రెషన్ సరిగ్గా ఉందంటే మాత్రం చాలా ధైర్యం వస్తుంది. అప్పుడు మిగిలినవన్నీ చిన్న పనులే.

అదే సమయంలో వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వుకీ దాన్ని తెరిచే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నని సందు, కూడా చూపించు. ఆ సందుని తమంతట తామే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజనైతే ఈ పని ఉండదు. నీ బండిలో స్క్రూలతోనో షిమ్‌లనే పల్చటి బిళ్ళలతోనో సర్దే రకమైతే మాత్రం దీన్ని వదలొద్దు. చాలామంది టిక్ టిక్ శబ్దం వస్తేనే టాపెట్లు, అంటే ఈ సందు, సర్దాలనుకుంటారు. నిజానికి శబ్దం లేకపోవడమే ఎక్కువ ప్రమాదం కావచ్చు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువగా సీటు మీద కూర్చున్నప్పుడే వదులుకుంటుంది. సందు తగ్గిపోయి అది పూర్తిగా కూర్చోకపోతే ఆ వేడి వెళ్ళే దారి లేక అంచు కాలిపోతుంది. ఏ చప్పుడూ లేకుండా జరిగిపోయే నష్టం ఇది. కాబట్టి సందుని ఫీలర్ గేజ్ అనే పల్చటి రేకులతో కొలిచి చూడాల్సిందే. నిశ్శబ్దంగా ఉంది కదా అని ఊరుకోకు.

విప్పిన ప్లగ్గుల్ని పారేయొద్దు. ఏది ఏ సిలిండర్‌దో గుర్తుపెట్టుకుని వరసలో పెట్టి చూడు. మొన మీద లేత గోధుమరంగు ఉంటే ఆ సిలిండర్ చక్కగా మండుతోంది. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకొస్తోంది, తెల్లగా కాలినట్టుంటే గాలి ఎక్కువై మిశ్రమం పలచబడింది లేదా ఇంజను అతిగా వేడెక్కుతోంది. ఒక్క ప్లగ్గే తేడాగా ఉంటే లోపం ఆ సిలిండర్‌దే. అన్నీ ఒకేలా నల్లబడితే లోపం అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంది. ఆ ఉమ్మడి కారణాల్లో జనం ఎక్కువగా మర్చిపోయేది థర్మోస్టాట్, అంటే కూలెంట్‌ని రేడియేటర్‌లోకి ఎప్పుడు వదలాలో చూసే వాల్వు.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా బండిలో ఇదే జరిగింది. హైవే మీద టెంపరేచర్ ముల్లు సగానికి చేరేది కాదు, హీటర్ గాలి గోరువెచ్చగానే వచ్చేది. ఇంజను చల్లగా ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. థర్మోస్టాట్ మామూలుగా 82 నుంచి 90 సెల్సియస్ డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. అది తెరిచినట్టే బిగుసుకుపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్‌లోకి పారుతూనే ఉంటుంది, ఇంజను పూర్తిగా వేడెక్కదు. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండిలో కంప్యూటర్ ఇంకా చలి స్టార్టే అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజ్ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, మండని పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది. ఒక చిన్న పార్టు, దాని గాస్కెట్, కొత్త కూలెంట్. అంతే, బండి మారిపోయింది. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ తప్పు చెప్పినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి రెండూ చూడమను. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ కూడా పాతబడితే మందగిస్తుంది, అప్పుడు మిశ్రమం సర్దుబాటు వెనకబడుతుంది. బండి కంప్యూటర్ చెప్పేది చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్ ఉంటే చిన్న రీడర్ పెట్టి ఇవన్నీ ఇంట్లోనే చూసుకోవచ్చు. అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఆ సాకెట్ 1996 నుంచి తప్పనిసరి అయింది. నీ బండికి అది లేకపోతే వోల్టులు కొలిచే మల్టీమీటరే దిక్కు.

ఒక జాగ్రత్త. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకు. లోపల ఒత్తిడి ఉంటుంది, మూత తీయగానే మరిగే నీళ్ళు ముఖం మీదికి చిమ్ముతాయి.

ఎయిర్ ఫిల్టర్ మురికిగా ఉంటే మార్చెయ్, దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. ముక్కుకి గుడ్డ కట్టి పరిగెత్తమంటే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది ఇంజను పరిస్థితి. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో పరీక్షించి చూస్తే, ఫ్యూయెల్ ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజ్ దాదాపు తగ్గలేదు, తగ్గింది పికప్పే. కార్బురేటర్ బండిలో అయితే మైలేజ్ కూడా దెబ్బతింటుంది. ఫ్యూయెల్ ఫిల్టర్ కూడా మార్పించు. మామూలు రోడ్డు మీద బాగానే ఉండి ఎత్తు మీద, గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే బండి తడబడితే పెట్రోలు చాలినంత అందడం లేదేమో చూడాలి. వాక్యూమ్ గొట్టాల రబ్బరు పాతబడి పగులుతుంది. ఐడ్లింగ్‌లో బుస్‌మని శబ్దం వస్తుంటే అవే.

వైర్ల సంగతికొస్తే, పాత బండిలో నేను ఎక్కువ సమయం పెట్టేది ఎర్త్ కనెక్షన్ల మీద. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజనుకి వెళ్ళే తీగల చివర్లు ఏళ్ళ తరబడి తుప్పుపడతాయి. కరెంటు పాజిటివ్ వైపు ఎంత బాగా వెళ్ళినా తిరిగొచ్చే దారి ఇరుకైతే స్టార్టర్ నీరసంగా తిరుగుతుంది, లైట్లు మసకబడతాయి, సెన్సర్లు తప్పులు చెబుతాయి. కనిపెట్టడం తేలికే. మల్టీమీటర్ ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజను లోహం మీద పెట్టి, ఇంకొకరిని స్టార్ట్ చేయమను. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఆ ఎర్త్ శుభ్రం చేయాల్సిందే. చివర్లు విప్పి, ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూస్తే సరి. పార్టు మార్చే పనే లేదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటర్ కూడా బాగున్నట్టే.

ఇక చక్రాలు. ఇంజను పూర్తి బలంతో పనిచేస్తున్నా బ్రేకు ఒకటి పట్టేసి ఉంటే నీకు పికప్ లేనట్టే అనిపిస్తుంది. బ్రేకు ఎక్కువ కొట్టకుండా కొంత దూరం నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడు, తాకకుండా దగ్గరగా. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ ప్యాడ్లని నొక్కే కాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయి, లేదా ఆ కాలిపర్ పిస్టన్ వెనక్కి రావడం లేదు. హ్యాండ్ బ్రేకు కేబుల్ పట్టేసినా ఇలాగే ఉంటుంది. బండిని జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పి చూసేటప్పుడు స్టాండ్లు పెట్టకుండా మాత్రం దాని కిందికి దూరకురా, నా మీద ఒట్టు.

టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, డ్రైవర్ డోర్ పక్కన అంటించిన చీటీలో ఉన్న అంకె ప్రకారం పట్టించాలి. టైరు గోడ మీద ముద్రించి ఉండేది గరిష్ఠ పరిమితి, అది నీ బండికి పెట్టాల్సిన గాలి కాదు. పనిలో పని, అదే గోడ మీద అండాకారపు గడిలో ఉన్న నాలుగంకెలు చదువు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి ఎంత లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదైతే తడి రోడ్డు మీద పట్టు ఉండదు.

పిస్టన్లనీ వాల్వుల్నీ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో రాసిన కాగితం నీ దగ్గర లేకపోతే, మార్చలేదనే అనుకో. దీనికి ఇంకో మాట లేదు. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వుల్ని గుద్దేస్తాయి, ఒక్క క్షణంలో హెడ్ మొత్తం పోతుంది. ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో మాన్యువల్లో ఉంటుంది, దానితోపాటు ఏళ్ళ గడువు కూడా ఉంటుంది. తక్కువ తిరిగిన పాత బండికి ఏళ్ళ లెక్కే ముందు వస్తుంది. బెల్ట్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు కూడా అప్పుడే మార్పించు, మళ్ళీ అదంతా విప్పే పని తప్పుతుంది. నీ ఇంజనుకి బెల్ట్ బదులు చైన్ ఉంటే ఈ బెంగ చాలావరకు లేదు.

బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలి. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ కనీస హద్దు 155కి దిగుతుంది. పొడవైన దిగుడులో పెడల్ మెత్తబడి లోపలికి పోయేది ఇలాంటప్పుడే.

ఇప్పుడు నువ్వు కొనాలనుకున్న ఫిల్టర్ సంగతి. బానెట్ కింద తెరిచి ఉన్న ఫిల్టర్ పెడితే అది పీల్చేది ఇంజను వేడిగాలినే. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత దాదాపు 3 శాతం తగ్గుతుంది, అంటే సిలిండర్లోకి వెళ్ళే ఆక్సిజన్ అంత తగ్గినట్టే. కంపెనీ పెట్టిన డబ్బా ముందు భాగం నుంచి చల్లగాలి తెచ్చుకునేలా కట్టింది. దాని గొట్టం ఊడిపోయి ఉంటే తిరిగి తగిలించు, అదే మంచి మార్పు. లావు సైలెన్సర్‌తో శబ్దం పెరుగుతుంది, మామూలుగా తిరిగే వేగాల్లో లాగుడు పెరగదు. మాన్యువల్ అడగనప్పుడు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కూడా వద్దు. ఆక్టేన్ నాకింగ్‌ని, అంటే పెట్రోలు వేళ కాకుండా మండి టకటకమనడాన్ని, ఆపుతుంది, అంతేగానీ దానిలో అదనపు శక్తి ఉండదు.

ఆ డబ్బు మంచి టైర్లకీ, బ్రేక్ ప్యాడ్లకీ, షాక్ అబ్జార్బర్లకీ, సస్పెన్షన్ బుష్‌లకీ పెట్టు. చివర్లో వీల్ అలైన్‌మెంట్ చేయించు. తేలికపాటి చిన్న కారు మలుపుల్లో వేగం తగ్గించుకోనక్కర్లేకుండా సాఫీగా పోతుంటే ఆ ఆనందమే వేరురా. నీకు నిజంగా నచ్చే మార్పు అదే అవుతుందని నా నమ్మకం. డిక్కీలో పేరుకున్న సామానంతా దించెయ్, పైన వాడని క్యారియర్ ఉంటే తీసెయ్.

నడిపే తీరు గురించి ఒక్క మాట. చిన్న ఇంజనుకి బలం ఆర్‌పీఎంలో ఉంటుంది. ఎత్తు మొదలయ్యే ముందే ఒక గేరు తగ్గించి, ఇంజనుని 3,000 పైన తిరగనివ్వు. పై గేరులో పెట్టి తొక్కుతూ ఉంటే అది మూలుగుతుంది, లోపల బేరింగుల మీద భారం పడుతుంది. ఆర్‌పీఎం లేస్తూ బండి మాత్రం కదలకపోతే క్లచ్ ప్లేటు జారుతోందని తెలుసుకో. చదునైన రోడ్డు మీద మాత్రం 100 కంటే 80 వేగం మేలు. గాలి ప్రతిఘటన వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, 80 నుంచి 100కి పోతే అది 50 శాతానికి పైగా ఎక్కువవుతుంది.

ఒక చిన్న నోటుపుస్తకం బండిలో పెట్టుకో. పెట్రోలు కొట్టించినప్పుడల్లా ట్యాంకు నిండుగా నింపి లీటర్లూ కిలోమీటర్లూ రాయి, మార్చిన ప్రతి పార్టూ తేదీతో రాయి. ఒకసారికి ఒకటే మార్చు, నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కంప్రెషన్ టెస్ట్ అయ్యాక నాలుగు సిలిండర్ల అంకెలూ, ఆయిల్ పోసి కొలిచినవి కూడా విడిగా రాసి పంపు. ప్లగ్గుల ఫోటో వెలుతురులో తీయి, వరస మారకూడదు. అవి చూశాక ముందు ఏ పని పట్టుకోవాలో మళ్ళీ రాస్తాను. ఉంటాను మరి.

నీ నేస్తం